ఎవరూ పంపని సైనికులు



1936 నవంబర్‌లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరం నుంచి ఒక రేడియో ప్రసంగం వెలువడింది. ఆ రేడియో కేంద్రం ప్రభుత్వానిది కాదు, అనార్కిస్టు కార్మిక సంఘాలది. మైకు ముందు కూర్చున్నాయన పేరు కార్ల్ ఐన్‌స్టైన్. మనందరికీ తెలిసిన శాస్త్రవేత్త ఐన్‌స్టైన్ కాదు. ఈయన జర్మన్ యూదుడు, కళావిమర్శకుడు. ఆఫ్రికా శిల్పాలను యూరపువాళ్లు ఆటవికుల వింత వస్తువులుగా చూస్తున్న కాలంలో, 1915లోనే, అవి గొప్ప కళ అని పుస్తకం రాసిన మనిషి. చిత్రకారుడు బ్రాక్‌కు ఆప్తమిత్రుడు. అలాంటివాడు యాభై ఏళ్లు దాటాక పుస్తకాలు పక్కనపెట్టి, అరగాన్ ప్రాంతంలోని యుద్ధరంగానికి వెళ్లాడు. ఆ రోజు రేడియోలో ఆయన మాట్లాడింది తన దళ నాయకుడు బ్వెనవెంతురా దుర్రుతి గురించి. దుర్రుతి నవంబర్ 20న మాడ్రిడ్‌లో చనిపోయాడు. దుర్రుతి తన దళంలో ‘నేను’ అనే మాటకు చోటు లేకుండా చేశాడనీ, అక్కడ ఎవరు నోరు విప్పినా అందరి తరఫునా మాట్లాడినట్టేననీ ఆ ప్రసంగం సారాంశం.

ఎవరూ పిలవకుండా, ఏ ప్రభుత్వమూ పంపకుండా, పరాయి దేశపు అంతర్యుద్ధంలోకి నడిచి వెళ్లిన మనుషుల గురించి ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను. స్పెయిన్ అనగానే చాలామందికి ఇంటర్నేషనల్ బ్రిగేడ్లు గుర్తొస్తాయి. ఆ బ్రిగేడ్లను కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ నిలబెట్టింది. యాభైకి పైగా దేశాల నుంచి దాదాపు 35,000 మంది వాటిలో చేరారు. మన నాగపూర్‌కు చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ కూడా జాన్ స్మిత్ అనే మారుపేరుతో వాటిలో పోరాడి, ఫ్రాంకో సేనలకు బందీగా చిక్కాడు. ఆ బ్రిగేడ్ల మీద పుస్తకాలున్నాయి, స్మారకాలున్నాయి. నేను చెప్పబోయేవాళ్లు వేరు. బ్రిగేడ్లు ఏర్పడకముందే, 1936 జులై, ఆగస్టు నెలల్లోనే వచ్చి అనార్కిస్టు దళాల్లో చేరినవాళ్లు వీళ్లు. సంఖ్యలో చాలా తక్కువ. వాళ్ల వెనుక పార్టీ లేదు, దేశం లేదు, తర్వాత వాళ్లను గుర్తుపెట్టుకోవడానికి ప్రభుత్వమూ లేదు.

అనార్కిస్టులంటే బాంబులు విసిరేవాళ్లన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. స్పెయిన్‌లో మాత్రం అది లక్షలాది కార్మికుల, రైతుకూలీల ఉద్యమం. 1910లో పుట్టిన సి.ఎన్.టి. అనే కార్మిక సమాఖ్య ఆ ఉద్యమానికి ప్రాణం. మిల్లును అందులో పనిచేసేవాళ్లే నడుపుకోవాలి, భూమిని దున్నేవాళ్లే ఉమ్మడిగా సాగుచేసుకోవాలి, పైన కూర్చుని శాసించే ప్రభుత్వం ఉండకూడదు, అది మంచి ప్రభుత్వమైనా సరే. ఇదీ వాళ్ల నమ్మకం. 1936 జులై 17న మొరాకోలోని సైన్యం, మరునాడు స్పెయిన్‌లోని సైనికాధికారులు ఎన్నికైన రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. వాళ్ల నాయకుడిగా ఎదిగినవాడే జనరల్ ఫ్రాంకో. జులై 19న బార్సిలోనాలో బారకాసుల నుంచి బయటికొచ్చిన సైన్యాన్ని వీధివీధినా అడ్డుకుని ఓడించినవాళ్లలో ముందు నిలిచింది ఈ కార్మికులే. ఆ తర్వాత కటలోనియా అధ్యక్షుడు కొంపాన్య్‌స్ అనార్కిస్టు నాయకులను పిలిపించి, నగరం ఇప్పుడు మీ చేతుల్లో ఉంది, ఏం చేయమంటారని అడిగాడు. అధికారమే వద్దన్నవాళ్ల ఒళ్లో అధికారం వచ్చి పడింది. అక్కడి నుంచి చివరిదాకా వాళ్లను ఆ చిక్కే వెంటాడింది.

సరిగ్గా ఆ వారంలోనే బార్సిలోనాలో ప్రజా ఒలింపిక్స్ జరగాల్సి ఉంది. హిట్లర్ బెర్లిన్‌లో జరుపుతున్న ఒలింపిక్స్‌కు పోటీగా కార్మిక సంఘాలు తలపెట్టిన క్రీడలవి. ఆటలు మొదలు కావాల్సిన రోజే కాల్పులు మొదలయ్యాయి. వచ్చిన క్రీడాకారుల్లో చాలామంది ఇంటిదారి పట్టారు, కొందరు ఉండిపోయారు. స్విట్జర్లాండ్ నుంచి ఈతపోటీలకని వచ్చిన క్లారా థాల్‌మన్ అలా ఉండిపోయిన మనిషి. ఆమె, ఆమె భర్త పాల్ తర్వాత దుర్రుతి దళంలోని విదేశీయుల బృందంలో పనిచేశారు. ఆమెను ఏ నాయకుడూ నిలబెట్టి ప్రమాణం చేయించలేదు. కళ్లెదుట జరుగుతున్నది చూసింది, ఉండిపోయింది.

మిగతావాళ్లలో ఎక్కువమంది ఇటలీ, జర్మనీ దేశాలవాళ్లు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మనవాళ్లు. వీళ్లు ఇంట ఓడిపోయి రచ్చకు వచ్చినవాళ్లు. 1922లో ముస్సోలినీ, 1933లో హిట్లర్ గద్దెనెక్కాక దేశం విడిచి, పారిస్ శివార్లలో, బెల్జియం గనుల్లో దొంగ కాగితాలతో బతుకుతున్నారు. ఎప్పుడు ఏ పోలీసు వచ్చి ఏ సరిహద్దు దాకా తోలి వదిలేస్తాడో తెలియని జీవితం. అలాంటివాళ్లకు ఫాసిజాన్ని కార్మికులు ఎదురొడ్డి ఓడించిన నగరం ఒకటుందన్న కబురు అందితే ఆగగలరా? పిరెనీస్ కొండలు దాటి వచ్చేశారు. ఆగస్టులో ఫ్రాన్స్ సరిహద్దు మూసేసినా, స్పెయిన్ వైపు కొండదారుల్లో కొన్ని అనార్కిస్టుల అధీనంలోనే ఉండేవి. ఇటాలియన్ నాయకుడు కార్లో రొసెల్లి 1936 నవంబర్ 13న బార్సిలోనా రేడియోలో మాట్లాడుతూ, ఇవాళ స్పెయిన్‌లో చేస్తున్నది రేపు ఇటలీలో చేస్తామని తన దేశస్థులకు చెప్పాడు. ఆ మాటను నినాదంగా మాత్రమే వింటే పొరపాటు. ఆయనకూ ఆయన సహచరులకూ స్పెయిన్ గుండా తప్ప ఇంటికి పోయే దారి లేదు. రొసెల్లి ఆ దారిన వెళ్లలేకపోయాడు. 1937 జూన్‌లో ఫ్రాన్స్‌లోనే ఆయన్నూ ఆయన తమ్ముణ్నీ హత్య చేశారు.

వాళ్లు చేరిన దళం ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. జులై 24న దుర్రుతి నాయకత్వంలో రెండు మూడు వేల మంది లారీల్లో, టాక్సీల్లో, బస్సుల్లో సరగోసా నగరాన్ని పట్టుకోవడానికి బయల్దేరారు. యూనిఫాం లేదు. సెల్యూట్ లేదు. హోదా గుర్తులు లేవు. వందమందికి ఒక బృందం. బృందానికి వాళ్లే ఎన్నుకున్న ప్రతినిధి. అతను సరిగ్గా చేయకపోతే దింపి మరొకరిని పెట్టుకోవచ్చు. అందరికీ రోజుకు పది పెసెటాల జీతం. దుర్రుతి అందరితో కలిసి అదే తిండి తినేవాడు. తుపాకులు పాతవి, తూటాలు చాలవు. విదేశీయులు ఈ దళంలోనే తమ బృందం ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. ఫ్రెంచి సైన్యంలో ఒకప్పుడు అధికారిగా పనిచేసిన లూయీ బెర్తోమ్యూ దానికి పెద్ద. 1919లో ఫ్రాన్స్ ప్రధాని క్లెమాన్సో మీద కాల్పులు జరిపి జైలుకెళ్లిన ఎమిల్ కొటాన్ కూడా ఈ దళానికే వచ్చాడు. 1936 అక్టోబర్‌లో ఆ యుద్ధరంగంలోనే చనిపోయాడు. ఇటాలియన్లు అస్కాసో అనే మరో దళంలో తమ విభాగం పెట్టుకుని, ఆగస్టు 28న వెస్కా పట్టణం దగ్గర మోంతె పెలాదో అనే గుట్ట మీద మొదటి పోరాటం చేశారు. జర్మన్లు తమ బృందానికి ఎరిక్ మ్యూజమ్ పేరు పెట్టుకున్నారు. ఆయన కవి, 1934లో నాజీ శిబిరంలో హత్యకు గురైనవాడు.

ఇక మొహమ్మద్ సాయిల్. ఇతని గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు. అల్జీరియాలోని కబిలీ ప్రాంతంలో పుట్టి, ఫ్రాన్స్‌లో కూలి చేసుకుంటూ అనార్కిస్టు అయినవాడు. ఫ్రెంచి వలసపాలన మీద రాసీ మాట్లాడీ జైళ్లకు పోయినవాడు. నలభై దాటిన వయసులో అరగాన్‌కు వచ్చి, విదేశీ బృందంలో పోరాడి, 1936 నవంబర్‌లో చేతికి గాయమై ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్లాడు. ఇప్పుడు అవతలి వైపు చూడండి. ఫ్రాంకో సైన్యంలో అందరికంటే ముందు నడిచింది స్పెయిన్ ఏలుబడిలోని మొరాకో నుంచి తెచ్చిన సైనికులు. యుద్ధం ముగిసేలోపు అలా వచ్చినవాళ్లు డెబ్బై వేలకు పైమాటే. పేద కొండపల్లెల కుర్రాళ్లు వాళ్లు, జీతం కోసం, తిండిగింజల కోసం వచ్చినవాళ్లు. అటు ఒక ఉత్తరాఫ్రికా ముస్లిం యువకుడు తనను పాలించేవాడి కోసం చస్తున్నాడు; ఇటు అదే ఉత్తరాఫ్రికా మనిషి సాయిల్ పాలకులే లేని లోకం కోసం పోరాడుతున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో మెసొపొటేమియాకూ ఫ్రాన్స్‌కూ పంపిన మన సిపాయిలను తలుచుకుంటే, ఆ మొరాకో కుర్రాళ్లను ద్వేషించడం మనవల్ల కాదు.

ఈ సంగతిని అందరికంటే స్పష్టంగా చూసిన విదేశీయుడు కమిల్లో బెర్నెరి. ఇటలీలో తత్వశాస్త్రం బోధించేవాడు. ప్రవాసంలో దేశం తర్వాత దేశం తరిమేసిన మనిషి. మోంతె పెలాదో పోరాటంలో పాల్గొని, తర్వాత బార్సిలోనాలో ఇటాలియన్ భాషలో ఒక పత్రిక నడిపాడు. ఆయన వాదన చాలా సూటిగా ఉండేది. మొరాకోకు స్వపరిపాలన ప్రకటించండి, ఫ్రాంకో సైన్యం వెన్ను అక్కడే విరుగుతుంది అన్నాడు. రిపబ్లిక్ ప్రభుత్వం ఆ పని చేయలేదు. మొరాకోలో మిగతా భాగం ఫ్రాన్స్ చేతిలో ఉంది. అక్కడ స్వాతంత్ర్యపు గాలి వీస్తే ఫ్రాన్స్‌కు, బ్రిటన్‌కు కోపం వస్తుందని భయపడింది. ఆ రెండు దేశాలూ జోక్యం చేసుకోబోమనే పేరుతో రిపబ్లిక్‌కు ఆయుధాలు అందకుండా చేస్తుంటే, హిట్లర్ విమానాలను, ముస్సోలినీ డెబ్బై వేలకు పైగా సైనికులను పంపుతుంటే, ఆ దేశాల మెప్పు కోసమే ఆగింది. వలసలను వదులుకోలేని రిపబ్లిక్, ఆ వలసల నుంచి వచ్చిన సైన్యం చేతిలోనే దెబ్బతింది. యుద్ధంలో వెయ్యి తప్పులు జరిగి ఉండొచ్చు. నా దృష్టిలో ఇంత పెద్ద తప్పు మరొకటి లేదు. 1938 జూన్‌లో కృష్ణమీనన్‌తో కలిసి నెహ్రూ బార్సిలోనా వెళ్లి, బాంబులు పడుతున్న ఆ నగరంలో కొన్ని రోజులు గడిపాడు. స్పెయిన్ పోరాటమూ మన పోరాటమూ ఒకటేనని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం గొప్పదే. కాని మొరాకో రైతు దగ్గరికి అలాంటి మాట తీసుకెళ్లినవాళ్లు స్పెయిన్‌లో ఎందరున్నారు?

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. ఈ స్వచ్ఛంద సైనికుల మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఇది చెప్పకుండా వదిలేస్తే ఈ ప్రసంగానికి అర్థం ఉండదు. సిమోన్ వెయ్ అనే ఫ్రెంచి తత్వవేత్త అప్పటికి ఇరవై ఏడేళ్ల యువతి, బడిలో తత్వశాస్త్రం చెప్పే టీచరు. యుద్ధమంటేనే గిట్టని మనిషి. అయినా జనం చస్తుంటే పారిస్‌లో కూర్చుని వాళ్లు గెలవాలని కోరుకుంటూ గడపడం తనకు చేతకాదని, 1936 ఆగస్టులో సరిహద్దు దాటింది. ఎబ్రో నది ఒడ్డున పీనా అనే ఊళ్లో బెర్తోమ్యూ బృందంలో చేరింది. చూపు చాలా మందం. ఆమె తుపాకి ఎత్తితే తోటివాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లట. కొద్ది రోజులకే, నేలలో తవ్విన పొయ్యి మీద కాగుతున్న నూనె బాణలిలో పొరపాటున కాలు వేసింది. కాలు ఘోరంగా కాలిపోయింది. తల్లిదండ్రులు వచ్చి ఆమెను వెతికి పట్టుకుని తీసుకెళ్లారు. ఆ ప్రమాదమే ఆమె ప్రాణం కాపాడిందంటే అతిశయోక్తి కాదు. అక్టోబర్‌లో పెర్దిగేరా దగ్గర ఆ విదేశీ బృందాన్ని ఫ్రాంకో సేనలు చుట్టుముట్టాయి. బెర్తోమ్యూతో పాటు చాలామంది చనిపోయారు. గాయపడినవాళ్లకు కట్లు కట్టే స్త్రీలు కూడా వాళ్లలో ఉన్నారు.

రెండేళ్ల తర్వాత, 1938లో, సిమోన్ వెయ్ ఒక ఉత్తరం రాసింది. ఎవరికి? బెర్నానోస్ అనే కథోలిక నవలా రచయితకు. రాజకీయంగా ఆమెకు ఆయన అవతలి ఒడ్డు మనిషి. ఆయన మయోర్కా దీవిలో ఉన్నప్పుడు, మొదట్లో తాను సమర్థించిన ఫ్రాంకో పక్షం వాళ్లే అక్కడ జనాన్ని రాత్రిపూట ఇళ్లలోంచి లాక్కెళ్లి చంపుతుంటే చూశాడు. చూసి ఊరుకోలేదు, పుస్తకం రాసి అచ్చేయించాడు. ఆ పుస్తకం చదివి సిమోన్ వెయ్ తన పక్షంలో తాను చూసింది, విన్నది ఆయనకు రాసింది. అందులో ఒక కుర్రాడి సంగతి ఉంది. పదిహేనేళ్లవాడు. ఫ్రాంకో వైపు ఫలాంజ్ పార్టీ సభ్యుడు. ఒక పోరాటంలో విదేశీ బృందానికే చిక్కాడు. వణికిపోతూ, నన్ను బలవంతంగా చేర్చారన్నాడు. వెతికితే మేరీమాత పతకం, పార్టీ కార్డు దొరికాయి. దుర్రుతి దగ్గరికి పంపారు. దుర్రుతి ఆ పిల్లవాడితో గంటసేపు అనార్కిస్టు ఆదర్శం ఎంత గొప్పదో చెప్పి, మాతో చేరు, లేదంటే చావు, ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువు అన్నాడు. కుర్రాడు చేరనన్నాడు. కాల్చేశారు. ఆ సంగతి తనకు తర్వాతే తెలిసినా, ఆ చావు తన అంతరాత్మ మీద బరువుగా ఉండిపోయిందని సిమోన్ వెయ్ రాసింది.

బెర్నానోస్ ఆ ఉత్తరాన్ని చనిపోయేదాకా తన పర్సులోనే ఉంచుకున్నాడని చెబుతారు.

శ్రోతల్లో కొందరికి కోపం రావచ్చు. ఫ్రాంకో పక్షం చంపినవాళ్లు లక్షకు మించిపోతే, ఒక్క కుర్రాడి సంగతి ఎందుకు పట్టుకున్నారని అడగవచ్చు. రిపబ్లిక్ వైపు ప్రాంతాల్లో యుద్ధకాలంలో చంపిన క్రైస్తవ పూజారులు, సన్యాసులు, సన్యాసినులు దాదాపు 6,800 మంది. వాళ్లలో ఎక్కువమంది మొదటి కొన్ని నెలల్లోనే హతమయ్యారు. అదీ చిన్న లెక్క కాదు. అయినా నేను లెక్కల కోసం ఈ మాట ఎత్తలేదు. పైనుంచి ఆజ్ఞ వచ్చి యుద్ధానికి పోయిన సైనికుడికి ఒక వెసులుబాటు ఉంది: నాకు చెప్పారు, నేను చేశాను అనవచ్చు. ఎవరూ పంపకుండా, తన మనస్సు చెప్పిందని బయల్దేరిన మనిషికి ఆ వెసులుబాటు లేదు. తన పక్షం చేసిన ప్రతిపనీ తన ఖాతాలోనే పడుతుంది. సిమోన్ వెయ్‌కు అది తెలుసు. ఆమెతో ఉన్న చాలామంది అవన్నీ చూసీ, సాటివాళ్ల ముందు పిరికిగా కనిపిస్తామేమోనని నవ్వేసి ఊరుకున్నారని ఆ ఉత్తరంలోనే ఉంది. తుపాకి పట్టడం కంటే, అదే పక్షంలో నిలబడి ఇది తప్పు అనడం కష్టం. స్పెయిన్‌కు వెళ్లిన విదేశీ అనార్కిస్టుల్లో నేను అందరికంటే గౌరవించేది ఆ కష్టమైన పని చేసినవాళ్లనే.

బెర్నెరి కూడా ఆ కోవలోవాడే. 1936 నవంబర్‌లో నలుగురు అనార్కిస్టులు మాడ్రిడ్ ప్రభుత్వంలో మంత్రులయ్యారు. ప్రభుత్వమే వద్దన్న ఉద్యమం చరిత్రలో ఇది ముందెన్నడూ జరగనిది. ఆరోగ్యమంత్రి ఫెదెరికా మోంత్‌సెన్యీకి 1937 ఏప్రిల్‌లో బెర్నెరి బహిరంగలేఖ రాశాడు. యుద్ధం గెలవడమొక్కటే చాలదు, విప్లవాన్ని పోగొట్టుకుని గెలిచే యుద్ధం ఎవరికోసం, మీరు మౌనంగా ఉన్న చోట్ల మాట్లాడండి అన్నది ఆ లేఖ సారం. ఆమెను ఆయన ఎక్కడా తూలనాడలేదు. సాటి మనిషిగా నిలదీశాడు. అప్పటికే దళాలను రెగ్యులర్ సైన్యంగా మార్చే ఉత్తర్వులు వచ్చాయి. దుర్రుతి దళం 26వ డివిజన్ అయింది. సెల్యూట్లు, హోదాలు తిరిగొచ్చాయి. స్త్రీలను యుద్ధరంగం నుంచి వెనక్కి పంపారు. మేం సైనికులుగా రాలేదంటూ చాలామంది విదేశీయులు తుపాకులు అప్పగించి వెళ్లిపోయారు. క్రమశిక్షణ లేకుండా ఆధునిక యుద్ధం గెలవలేమన్నవాళ్ల వాదనను నేను కొట్టిపారేయను. సరగోసా చివరిదాకా చేతికి రాలేదన్నది నిజం. కాని తూటాలు లేని దళానికి సెల్యూట్ నేర్పితే సరగోసా వచ్చేదని ఎవరూ చెప్పలేరు.

1937 మే 3న బార్సిలోనా టెలిఫోన్ ఎక్స్ఛేంజి మీదికి పోలీసులు వెళ్లారు. ఆ భవనం జులై నుంచీ సి.ఎన్.టి. కార్మికుల చేతిలో ఉంది. కాల్పులు మొదలయ్యాయి. ఫ్రాంకోకు ఎదురు నిలిచిన రెండు పక్షాలు, అంటే కమ్యూనిస్టులతో కలిసిన ప్రభుత్వం ఒకవైపు, అనార్కిస్టులు, వాళ్ల మిత్రులు మరొకవైపు, నగరం నడిబొడ్డున అయిదు రోజులు ఒకరినొకరు చంపుకున్నారు. నాలుగైదు వందలమంది పోయారు. ఆ మే 3నే బెర్నెరి అనార్కిస్టుల రేడియోలో మాట్లాడాడు. దేని గురించో తెలుసా? అంతకు వారం కిందట, ముస్సోలినీ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గి చనిపోయిన ఇటాలియన్ కమ్యూనిస్టు నాయకుడు గ్రామ్‌షీకి నివాళి. బయట కమ్యూనిస్టులకూ తమవాళ్లకూ మధ్య తుపాకులు పేలుతుంటే, లోపల ఒక అనార్కిస్టు ఒక కమ్యూనిస్టు త్యాగాన్ని కొనియాడాడు. మే 5న ఎర్ర పట్టీలు కట్టుకున్న మనుషులు ఆయన ఇంటికొచ్చి, ఆయన్నూ సహచరుడు ఫ్రాంచెస్కో బార్బియెరినీ పట్టుకుపోయారు. ఆ రాత్రి ఇద్దరి శవాలూ వీధిలో దొరికాయి. స్టాలిన్ అనుయాయులే ఈ హత్య చేశారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. బెర్నెరి కూతురు మరీ లూయీజ్ లండన్‌లో అనార్కిస్టు పత్రికలు నడుపుతూ, రెండో ప్రపంచయుద్ధ కాలంలోనూ తండ్రిలాగే ఎవరికీ జంకకుండా రాసింది. 1949లో ముప్పై ఒక్క ఏళ్లకే చనిపోయింది.

మే తర్వాత విదేశీ అనార్కిస్టులను బార్సిలోనాలో ఏరి ఏరి జైళ్లలో వేశారు. క్లారా థాల్‌మన్, ఆమె భర్త దేశం విడిచి పోబోతుంటే పట్టుకుని నెలల తరబడి బంధించారు. హిట్లర్ జైలు తప్పించుకున్న జర్మన్లు రిపబ్లిక్ జైల్లో పడ్డారు. అటువంటివాళ్ల తరఫున అడగడానికి ఏ రాయబార కార్యాలయం ఉంటుంది? 1938 అక్టోబర్‌లో ఇంటర్నేషనల్ బ్రిగేడ్లకు బార్సిలోనాలో పూలు చల్లి వీడ్కోలు చెప్పారు. ఆ గౌరవానికి వాళ్లు తగినవాళ్లే. అనార్కిస్టులకు మాత్రం అలాంటి వీడ్కోలు ఎవరూ చెప్పలేదు.

1939 ఫిబ్రవరికి అంతా కూలిపోయింది. నాలుగైదు లక్షలమంది మంచులో పిరెనీస్ దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్లారు. ఫ్రాన్స్ వాళ్లను ముళ్లకంచెల వెనుక పెట్టింది. దుర్రుతి దళం వారసులైన 26వ డివిజన్ వాళ్లు ల వెర్నే శిబిరానికి వెళ్లారు. ఇటాలియన్లలో చాలామందిని తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం ముస్సోలినీకి అప్పగించింది. వాళ్లు వెంతొతెనె దీవికి ఖైదీలుగా చేరారు. ఇక కార్ల్ ఐన్‌స్టైన్. 1940 జూన్ 22న ఫ్రాన్స్ హిట్లర్‌కు లొంగిపోయింది. యూదులు, జర్మన్ ప్రవాసులు ప్రాణాలరచేత పట్టుకుని దక్షిణానికి పరుగెత్తారు. మిగిలిన దారి ఒక్కటే, స్పెయిన్ మీదుగా లిస్బన్. కాని అదే స్పెయిన్‌లో ఐన్‌స్టైన్ ఫ్రాంకో మీద తుపాకి ఎత్తాడు. వెనుక నాజీలు, ముందు ఫ్రాంకో. జులై 5న పో పట్టణం దగ్గర నదిలో దూకి చనిపోయాడు. వయసు యాభై అయిదు. అందరికోసమూ పోరాడటానికి వెళ్లినందువల్లే, అందరూ పారిపోతున్న దారి ఆయన ఒక్కడికి మూసుకుపోయింది.

అందరి కథా అలా ముగియలేదు. ఆ ఓటమి నుంచి బయటపడిన స్పానిష్ అనార్కిస్టుల్లో కొందరు ఫ్రెంచి సైన్యంలో చేరి, 1944 ఆగస్టు 24 రాత్రి పారిస్‌లోకి అందరికంటే ముందు అడుగుపెట్టిన కంపెనీలో ఉన్నారు. వాళ్ల బండ్ల మీద తెరువెల్, ఎబ్రో అని స్పెయిన్ యుద్ధరంగాల పేర్లున్నాయి. ఈసారి వాళ్లే పరాయి దేశంలో పోరాడుతున్న విదేశీయులు.

స్పెయిన్ గురించి మాట్లాడేటప్పుడు సిరియాను ప్రస్తావించకుండా ఉండలేను. 2012 తర్వాత సిరియా ఉత్తరాన రొజావా అనే కుర్దుల ప్రాంతంలో గ్రామసభలు, స్త్రీల దళాలు, ఉమ్మడి పాలన అంటూ ఒక ప్రయోగం మొదలైంది. దాని వెనుక, తుర్కీ జైలులో ఉన్న కుర్దు నాయకుడు అబ్దుల్లా ఒజలాన్ చదివిన అమెరికన్ రచయిత మరే బుక్‌చిన్ ఆలోచనలున్నాయి. స్పానిష్ అనార్కిస్టుల చరిత్రను పుస్తకంగా రాసిందీ ఈ బుక్‌చినే. 2014లో మానవశాస్త్రవేత్త డేవిడ్ గ్రేబర్ స్పెయిన్‌ను గుర్తుచేస్తూ రొజావాను ఒంటరిగా వదిలేయవద్దని రాశాడు. ఆయన తండ్రి స్పెయిన్‌కు స్వచ్ఛందంగా వెళ్లినవాడు. మళ్లీ యూరప్ నుంచి, అమెరికా నుంచి యువకులు, యువతులు బయల్దేరారు. 2018 మార్చిలో ఆఫ్రిన్ దగ్గర తుర్కీ దాడిలో బ్రిటిష్ యువతి అనా క్యాంప్‌బెల్ చనిపోయింది. ఇరవై ఆరేళ్లది.

పాత చిక్కు కొత్త రూపంలో వచ్చింది. ఐసిస్ మీద పోరులో ఈ అనార్కిస్టుల నెత్తిన ఎగిరినవి అమెరికా వైమానిక దళం విమానాలు. ఆనాడు రిపబ్లిక్‌కు అందిన సోవియెట్ తుపాకుల వెంట స్టాలిన్ పోలీసులూ వచ్చినట్టే, ఈనాడు అమెరికా అండ వెంట అమెరికా అవసరాలూ వచ్చాయి. 2019 అక్టోబర్‌లో ఆ అవసరం తీరిందనుకోగానే అమెరికా సరిహద్దు నుంచి తప్పుకుంది, తుర్కీ లోపలికి వచ్చింది. ఈసారి ఒక్క మేలు జరిగిందని నేననుకుంటాను. ఆ దళాల్లో టెక్‌మిల్ అనే పద్ధతి ఉంది. పని ముగిశాక అందరూ కూర్చుని, ఎవరి పొరపాటు వాళ్లు, ఎదుటివాడి పొరపాటు ఎదుటే, నాయకుణ్ని కూడా వదలకుండా చెప్పాలి. వెళ్లివచ్చిన విదేశీయులు దాన్ని మరీ మరీ తలుచుకుంటారు. సిమోన్ వెయ్ రెండేళ్లు మోసి, చివరికి ప్రత్యర్థి పక్షపు రచయితకు చెప్పుకున్న మాటను, అక్కడే, ఆ పూటే అనగల చోటు ఉండాలని వాళ్లకు తెలుసు.

లొరెంజో ఒర్సెత్తి ఫ్లారెన్స్ నగరంలో హోటళ్లలో పనిచేసేవాడు. అనార్కిస్టు. 2017లో రొజావా వెళ్లాడు. 2019 మార్చి 18న బాఘూజ్ దగ్గర, ఐసిస్ చివరి స్థావరం కోసం జరిగిన పోరులో, ముప్పై మూడేళ్ల వయసులో చనిపోయాడు. తాను నమ్మినదాని కోసమే పోతున్నానని, విచారం లేదని ముందే రాసిపెట్టుకున్న ఉత్తరం తర్వాత బయటికొచ్చింది. ఆ జూన్‌లో ఆయన్ను సొంతవూళ్లోనే, ఫాసిజంతో పోరాడిన పార్టిజాన్ల సమాధుల మధ్య పూడ్చారు. తొమ్మిది నెలల తర్వాత, 2020 మార్చిలో, అదే ఇటలీలోని టురిన్ కోర్టు రొజావా స్త్రీల దళంలో పోరాడి తిరిగొచ్చిన ఒక యువతి సమాజానికి ప్రమాదకరమని తేల్చి, రెండేళ్లపాటు పోలీసు నిఘా విధించింది. ఆమె మీద రుజువైన నేరమేదీ లేదు. ఆమెను ఎవరూ పంపలేదు కాబట్టే ఆమె తరఫున సమాధానం చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఆమే లేచి నిలబడి, తానెందుకు వెళ్లిందో, అక్కడ ఏం చూసిందో కోర్టుకూ పత్రికలకూ చెప్పుకుంది.